మా అమ్మాయి అన్న ఒక్క మాటకి నాలుగు మార్కులా?

లెక్కలవాడు:

నా వయసు 47. ఇరవై రెండేళ్ళుగా అకౌంట్స్ పనే. ఒక్క అంకె తేడా వచ్చినా రాత్రి నిద్రపట్టని రకం. ఇంట్లో ఈ సంగతి ఎత్తితే గొడవైపోతుందని ఇక్కడ అడుగుతున్నాను.

పోయిన నెల ఆఫీసులో అందరికీ హెల్త్ చెకప్ చేయించారు. రక్తం, బీపీ, ఈసీజీ అన్నీ అయ్యాక చివర్లో ఒక కాగితం చేతిలో పెట్టారు. మద్యం గురించి పది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు. దాని పేరు ఆడిట్ అట! జీవితమంతా ఇంకొకళ్ళకి ఆడిట్ చేసినవాణ్ణి, నాకే ఆడిట్. సరేనని నిజాయితీగా నింపాను. నాకు దాచుకోవాల్సిందేమీ లేదు. రోజూ రాత్రి రెండు పెగ్గులు, శనివారం మాత్రం నాలుగు. పదిహేనేళ్ళుగా ఇదే లెక్క. పొద్దున ముట్టుకోను. తాగి బండి నడపను. ఆఫీసుకి ఒక్కరోజు డుమ్మా కొట్టలేదు. తాగి ఎవర్నీ ఒక మాట అన్నది లేదు.

మొత్తం 9 వచ్చింది. 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే హాని జరిగే తాగుడు కింద లెక్కట. డాక్టరమ్మ నాకంటే పదిహేనేళ్ళు చిన్నదై ఉంటుంది. చాలా మర్యాదగానే చెప్పింది, కాదనను. కానీ బయటికొచ్చాక మార్కులు విడదీసి చూసుకుంటే నాకు మండింది.

వారంలో ఎన్ని రోజులు తాగుతారు అన్నదానికి 4. ఒప్పుకున్నాను, రోజూ తాగుతాను కదా. తాగిన రోజు ఎన్ని డ్రింకులు అంటే, రెండు కాబట్టి 0. ఒకే పూట ఆరు, అంతకు మించి ఎన్నిసార్లు అంటే, ఏడాదిలో ఏ రెండు సార్లో, 1. నాలుగు నుంచి తొమ్మిది దాకా అన్నీ సున్నాలే. పదో ప్రశ్న: మీ తాగుడు గురించి ఇంట్లోవాళ్ళు గానీ, స్నేహితులు గానీ, డాక్టరు గానీ కంగారుపడ్డారా, తగ్గించమన్నారా? ఈ ఏడాదిలోనే అన్నారంటే 4.

అన్నది మా అమ్మాయి. పదహారేళ్ళ పిల్ల. రెండు నెలల కిందట ఒక పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే గుమ్మంలో అడ్డం నిలబడి ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకుంటూ "నాన్నా, కొంచెం తగ్గించొచ్చుగా" అంది. అంతే. (ఆ పిల్లకి సంతకాలన్నీ ఆఖరి నిమిషంలోనే గుర్తొస్తాయి, అది వేరే కథ.)

ఇప్పుడు చెప్పండి. ఆ రోజు పిల్ల ఆ మాట అనకపోతే నాకు 5. అన్నది కాబట్టి 9. అదే మందు, అదే గ్లాసు, అదే లివర్. ఇంకో మనిషి అభిప్రాయం నా ఆరోగ్యం లెక్కలోకి ఎలా వస్తుంది?

ఇంకొక సంగతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన మధ్యాహ్నం బయటికెళ్ళి పుచ్చుకుని వచ్చి, నాలుగింటికల్లా బల్ల మీద తల వాల్చేసేవాడు. మేము నవ్వుకునేవాళ్ళం. ఆయన పక్కన నన్ను కూర్చోబెట్టి "వీడు కంట్రోల్ ఉన్న మనిషి" అనేవాళ్ళు. ఆయన చేత ఎవరూ ఏ కాగితమూ నింపించలేదు. నేను మారలేదు, గీతే నా మీదికి జరిగింది. ఎవరు జరిపారు?

రాత్రి డ్యూటీ:

లెక్కలవాడు గారూ, నేను నర్సుని. తాగుడు మాన్పించే వార్డులో తొమ్మిదేళ్ళు చేశాను. మీ గీత సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ లెక్కలోనే తప్పుంది. ఏమీ అనుకోకండి.

ఆ కాగితంలో డ్రింకు అంటే పెగ్గు కాదండీ. 10 గ్రాముల అసలు ఆల్కహాల్. పైన చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు. మీ పెగ్గు 60 మి.లీ., మందు 40 శాతం అనుకుందాం. అందులో 24 మి.లీ. ఆల్కహాల్. అది నీళ్ళకంటే తేలిక కాబట్టి తూకంలో సుమారు 19 గ్రాములు. అంటే మీ ఒక్క పెగ్గు దాదాపు రెండు డ్రింకులు. రోజుకి రెండు పెగ్గులంటే ఇంచుమించు నాలుగు. మూడు నాలుగు డ్రింకులకి ఒక మార్కు, సున్నా కాదు.

శనివారం నాలుగు పెగ్గులు, 76 గ్రాములు. ఆరు డ్రింకులు అంటే 60 గ్రాములు. అది మీరు ఏడాదికి రెండుసార్లు కాదు, ప్రతివారం దాటుతున్నారు. వారానికోసారి అంటే 3 మార్కులు.

నాలుగు, ఒకటి, మూడు. ఎనిమిది. మీ అమ్మాయి నోరు మెదపకపోయినా మీరు అక్కడికి చేరారు. ఆ పిల్ల మీద కోపం పెట్టుకోకండి. 60 మి.లీ. అన్నది కూడా మీరు కొలిచిందో, కంటితో చూసి పోసిందో నాకు తెలీదు. మా వార్డులో కొలిచి తాగేవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు.

పదో ప్రశ్న ఎందుకంటారా? ఈ పరీక్షని ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించింది. ఆస్ట్రేలియా, బల్గేరియా, కెన్యా, మెక్సికో, నార్వే, అమెరికా, ఆరు దేశాల్లో ఆసుపత్రులకి వచ్చినవాళ్ళ మీద ప్రయత్నించి 1993లో బయటపెట్టారు. దాని పని తాగుబోతుల్ని పట్టుకోవడం కాదు. ఇంకా ఏమీ చెడిపోకముందు, ఒక మాట చెబితే సరిపోయే దశలో ఉన్నవాళ్ళని వెతకడం. 8 నుంచి 15 దాకా వస్తే కూర్చోబెట్టి మాట్లాడతారు. 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే వ్యసనమేమోనని పూర్తిగా చూస్తారు. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు, మాట్లాడారంతే.

తాగిన మనిషి దగ్గర సగం సమాచారమే ఉంటుందండీ. అదే కాగితంలో ఎనిమిదో ప్రశ్న చూడండి: ముందు రోజు రాత్రి జరిగింది గుర్తులేకపోవడం ఎన్నిసార్లు అయింది? గుర్తులేదన్న సంగతి ఆ మనిషికి ఎలా గుర్తుంటుంది? ఎవరో ఒకరు చెప్పాలి.

మీకు కాదుగానీ ఇది చదివి "రేపటి నుంచి బంద్" అనుకునేవాళ్ళకి ఒక మాట. పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నా, చెమటలు పడుతున్నా, ఒక గుక్క పడితే తప్ప ఒళ్ళు నిలవకపోయినా, ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా ఆపకండి. ఆఖరి గ్లాసు తర్వాత ఆరేడు గంటలకే వణుకు మొదలవుతుంది, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మనిషి మతి తప్పి లేనివి చూడటం. ప్రాణం పోయినవాళ్ళని చూశాను. పట్టుదల గొప్పదే, కానీ ఆసుపత్రిలో పడుకుని చూపించండి.

లెక్కలవాడు:

అమ్మా, డ్రింకు లెక్క నేను చదవలేదు, తప్పు నాదే. కానీ 60 అన్నది కంటి అంచనా కాదు. మా ఇంట్లో గ్లాసు మీద పువ్వు బొమ్మ ఉంటుంది. కాడ ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడిదాకా పోస్తాను. పదిహేనేళ్ళ అలవాటు.

ముక్కుసూటి:

నేను మీ పార్టీ. ఈ డాక్టర్లకి ఒక మాట మీద నిలకడ లేదు. 1991లో అమెరికా టీవీలో ఫ్రాన్సువాళ్ళు అంత కొవ్వు తిని కూడా గుండెపోట్లు రాకుండా ఉన్నారంటే రెడ్ వైన్ మహిమేనేమో అన్నారు. అంతే, అక్కడ వైన్ సీసాలు ఎగబడి కొన్నారు. గుండెకి మంచిదని మా బంధువు ఒకాయన ఆ మాట పట్టుకునే ఇప్పటికీ తాగుతున్నాడు, అదీ విస్కీ! 2023 జనవరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ శాఖ వచ్చి, ఒక్క చుక్క కూడా సురక్షితం కాదు పొమ్మంది. తమాషా ఏంటంటే ఖాయంగా క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో మద్యాన్ని 1988లోనే చేర్చారట. అంటే టీవీవాడు వైన్‌ని పొగిడే మూడేళ్ళ ముందే. ఆ సంగతి ఎవరైనా మనకి చెప్పారా?

మరి గుండెకి మంచిదన్న లెక్క ఎలా వచ్చింది అంటే, తాగనివాళ్ళ గుంపులో ఒంట్లో బాగోక మానేసినవాళ్ళని కూడా కలిపేశారట. రోగులందర్నీ ఒక పక్క పోగేసి, చూశారా తాగేవాళ్ళే ఆరోగ్యంగా ఉన్నారు అన్నట్టు. ఇలాంటి తప్పు మా ఆఫీసులో చేస్తే మెమో ఇస్తారు.

దేశానికో రూలు మళ్ళీ. బ్రిటన్‌లో వారానికి 14 యూనిట్లు, యూనిట్ అంటే 8 గ్రాములు, వెరసి 112 గ్రాములు. కెనడాలో 2011లో మగవాళ్ళకి వారానికి 15 డ్రింకులు అన్నవాళ్ళు 2023కి వచ్చేసరికి రెండు దాటితే రిస్కే అన్నారు. పదిహేను నుంచి రెండుకి! లివర్లు మారాయా, పుస్తకాలు మారాయా?

మీ తరఫున వాదిద్దామని మీ వారం లెక్క కూడా వేశాను. ఆరు రోజులు 38 చొప్పున 228, శనివారం 76. మొత్తం 304 గ్రాములు. సరే, ఇప్పటి చాదస్తపు రూళ్ళు వద్దు, పాతవి తీద్దామని చూశాను. కెనడా పాత పదిహేను డ్రింకులు, అక్కడి డ్రింకు పెద్దది కాబట్టి, దాదాపు 200 గ్రాములు. బ్రిటన్ 1987లో మగవాళ్ళకి చెప్పింది 21 యూనిట్లు, 168 గ్రాములు. ఇంకా పాతది నాకు దొరకలేదు.

నా వాదన వాదనే. కానీ మీ కేసు మీద నేను నిలబడలేను సార్.

పాత బీరువా:

గీత ఎవరు జరిపారన్నదానికి ఎవరూ జవాబివ్వలేదు. రిటైరయ్యాక నాకు వేరే పని లేదు కాబట్టి కాస్త సాగదీస్తాను.

గీత ఒకటి కాదండీ. నలుగురిలో పరువు పోయే గీత వేరు, పోలీసు పట్టుకునే గీత వేరు, డాక్టరు గీసేది వేరు. మూడూ ఒకే వైపు జరగవు. మీ సీనియర్ బల్ల మీద పడుకున్నా పరువు గీత దాటలేదు, ఎందుకంటే మీరంతా నవ్వారు. ఈ రోజు ఆయన అలా పడుకుంటే మీ ఆఫీసులో ఎవరూ నవ్వరు. అదే సమయంలో, ఇంట్లో అందరూ చూస్తుండగా గ్లాసు పట్టుకుని ఫొటో దిగడం ఇప్పుడు తప్పు కాదు. అటు సడలింది, ఇటు బిగిసింది.

ఫిలడెల్ఫియాలో బెంజమిన్ రష్ అనే డాక్టరు 1784లో ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆయన కోపమంతా బట్టీలో దించిన ఘాటు మద్యం మీదే. బీరూ వైనూ మితంగా అయితే ఒంటికి మంచివే అన్నాడు. అంటే ఆయన గీత ముఖ్యంగా సీసాకీ సీసాకీ మధ్య ఉంది. 1849లో స్వీడన్ డాక్టరు మాగ్నస్ హుస్ ఆల్కహాలిజం అనే మాట పుట్టించి, దీర్ఘకాలం తాగితే ఒంట్లో వచ్చే రోగాలన్నీ దాని కింద వర్ణించాడు. ఆ తర్వాత కొందరు అసలు సీసానే లేకుండా చేద్దామన్నారు. ఫిన్లాండ్ 1919 నుంచి 1932 దాకా, అమెరికా 1920 నుంచి 1933 దాకా నిషేధం పెట్టి ఎత్తేశాయి. (ఐస్‌లాండ్‌లో మిగతావి ఎప్పుడో వదిలేసినా బీరు మీద నిషేధం 1989 మార్చి దాకా ఉంది. వైన్ తాగొచ్చు, బీరు తాగకూడదు. ఎందుకో అక్కడివాళ్ళకే తెలియాలి.)

మీ ప్రశ్నకి సంబంధించిన మలుపు ఇక్కడే ఉంది. అమెరికాలో నిషేధం పోయాక మద్యం మళ్ళీ దర్జాగా బజార్లోకి వచ్చింది. సీసా మంచిదే అయినప్పుడు మరి పాడైపోయినవాళ్ళ సంగతేమిటి? 1935లో అక్కడ మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే, తాగుడు మానాలనుకునేవాళ్ళ సంఘం ఇచ్చిన జవాబు జనానికి నచ్చింది: కొందరి ఒంటికి ఇది పడదు, వాళ్ళు ఒక్క చుక్క కూడా ముట్టకూడదు. 1956లో అమెరికా వైద్య సంఘం కూడా ఇది రోగమే అంది. దీనివల్ల జరిగిన మేలు చిన్నది కాదు, జైల్లో పడాల్సినవాళ్ళు ఆసుపత్రికి వెళ్ళారు. కానీ రోగం వాళ్ళది అనేసరికి మిగతా అందరికీ క్లీన్ చిట్ దొరికింది. చేతులు వణకడం లేదు, ఉద్యోగం పోలేదు, కాబట్టి నేను వాళ్ళలో ఒకణ్ణి కాను. మీరు రాసిన రెండో పేరా అచ్చంగా ఆ క్లీన్ చిట్టే. నేనూ ముప్పై ఏళ్ళు దాన్ని జేబులో పెట్టుకు తిరిగాను.

దాన్ని చింపింది లెక్కలవాళ్ళే, మీ జాతివాళ్ళే. 1981లో జెఫ్రీ రోజ్ అనే ఆయన గుండెజబ్బుల గురించి ఒక విడ్డూరం చూపించాడు: అతి ప్రమాదంలో ఉన్న కొద్దిమంది కంటే కొంచెం ప్రమాదంలో ఉన్న చాలామంది నుంచే ఎక్కువ కేసులు వస్తాయి. 1986లో క్రైట్‌మన్ అనే ఇంకొకాయన దాన్నే మద్యానికి వర్తింపజేశాడు. దెబ్బలు, గొడవలు, ఆసుపత్రి పాలవడం, ఇలాంటివన్నీ కూడితే ఎక్కువ భాగం మామూలుగా తాగే జనం ఖాతాలోనే పడుతుంది, ఎందుకంటే వాళ్ళ సంఖ్య ఎక్కువ. అప్పటి నుంచి డాక్టర్లు అడిగేది మారింది. నువ్వు ఆ రోగివా కాదా అని అడగడం తగ్గించి, ఎన్ని గ్రాములు అని అడగడం మొదలుపెట్టారు.

పోలీసు గీత కూడా ఇలాగే గ్రాముల్లోకి వచ్చింది. ఒకప్పుడు నేల మీద గీత గీసి దాని మీద నడవమనేవాళ్ళు. తూలకపోతే వెళ్ళనిచ్చేవాళ్ళు. నార్వే 1936లో రక్తంలో ఇంత మించకూడదని అంకె పెట్టింది. బ్రిటన్ 1967లో 100 మి.లీ. రక్తంలో 80 మిల్లీగ్రాములని పెట్టి, నోట్లో గొట్టం పెట్టి ఊదమంది. తూలావా లేదా అన్నది ఇక ఎవరికీ అక్కర్లేదు. పిల్లల సంగతి చూడండి. ఫ్రాన్సులో బడి భోజనంలో పద్నాలుగేళ్ళలోపు పిల్లలకి వైన్ ఇవ్వకూడదని రూలు వచ్చింది 1956లో. రూలు పెట్టాల్సి వచ్చిందంటే అంతకుముందు ఏం జరిగేదో ఆలోచించండి. ఆ తల్లిదండ్రులు చెడ్డవాళ్ళేం కాదు.

పదో ప్రశ్న విషయంలో మాత్రం మీ మాటలో కొంత న్యాయం ఉంది. 1971లో అమెరికాలో 25 ప్రశ్నల పరీక్ష ఒకటి వచ్చింది. అందులో ఒక ప్రశ్న: మీరు మామూలుగా తాగే మనిషేనని మీ బంధుమిత్రులు అనుకుంటారా? మామూలు అంటే ఏమిటో తేల్చే పని బంధువులకి అప్పగించారన్నమాట. బంధువులంతా పీపాలు తాగేవాళ్ళయితే? ఈ ఇబ్బంది డాక్టర్లకీ తెలుసు. అమెరికా మానసిక వైద్యుల పుస్తకం 2013లో మారినప్పుడు, తాగి పోలీసు కేసుల్లో పడటం అనే లక్షణాన్ని జాబితాలోంచి తీసేశారు. ఒకచోట కేసయ్యేది ఇంకోచోట కాదు. దాని బదులు మందు కోసం మనసు లాగడాన్ని చేర్చారు. చూశారా, లోకం చూపుని లెక్కలోంచి తీసేస్తూ వచ్చారు. మీ పదో ప్రశ్న పాత పద్ధతిలో మిగిలిపోయిన ముక్క. మీ ఇంట్లో అందరూ తాగేవాళ్ళయితే దానికి మీకు సున్నా వచ్చేది, మిగతా మార్కులు ఎక్కడికీ పోయేవి కాకపోయినా.

కాఫీ కప్పు:

పై ఆయన రాసిన ఆఖరి వాక్యం చూసి లాగిన్ అయ్యాను.

నేను ఆడదాన్ని, 42 ఏళ్ళు. నాకు పదో ప్రశ్నలో సున్నా వచ్చింది. మొత్తం 24.

నేను కాఫీ కప్పులో తాగేదాన్ని. మూత ఉండే కప్పు, పక్కన లాప్‌టాప్. ఆన్‌లైన్ మీటింగుల్లో అందరి ముందూ తాగాను, ఎవరికీ తెలీదు. ఎవరూ కంగారుపడలేదు, తగ్గించమనలేదు. ఏ డాక్టరూ అడగనే లేదు. కడుపు నొప్పని మూడుసార్లు వెళ్ళాను, టెన్షన్ వల్ల గ్యాస్ అన్నారు. మా ఆయన్ని మాత్రం మొదటిసారి వెళ్ళినప్పుడే మందు అలవాటుందా అని అడిగారు. ఆయన అసలు ముట్టడు.

పరువు గీత సడలింది అన్నారు, ఎవరికి సడలింది? మగవాళ్ళు తాగితే అలవాటు అన్నారు, నేను తాగితే ఏమంటారో నాకు తెలుసు కాబట్టే కప్పుకి మూత. ఆ మూత వల్లే ఇంకో అయిదేళ్ళు ఎవరి చేతికీ దొరకలేదు. ఆఖరికి నేనే నాలుగో ఆసుపత్రిలో, అడక్కుండానే చెప్పేశాను. పది రోజులు అడ్మిట్ చేసుకున్నారు. మనసు లాగకుండా నాల్ట్రెక్సోన్ అనే మాత్ర ఇచ్చారు. మద్యం అలవాటుకి అమెరికాలో దాన్ని 1994లోనే ఒప్పుకున్నారట. అలాంటి మాత్ర ఒకటి ఉందని నాకు 38 ఏళ్ళు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. తాగుడంటే బుద్ధి లేకపోవడమే అనుకున్నాను, బుద్ధికి మాత్రలుంటాయా అని వెతకలేదు.

నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఆఫీసు పార్టీలో జ్యూసు గ్లాసు పట్టుకుంటే ఎందుకు తాగట్లేదు అని అడుగుతారు. విశేషమా అని కూడా అడిగారు ఒకసారి. తాగిన పన్నెండేళ్ళలో ఎందుకు తాగుతున్నావని అడిగినవాళ్ళు లేరు.

లెక్కలవాడు గారూ, మీకు ఆ నాలుగు మార్కులు వేసే మనిషి ఇంట్లో ఉంది. నాకు కోపం కాదు, కొంచెం అసూయ.

లెక్కలవాడు:

పది రోజుల తర్వాత వస్తున్నాను. అందరికీ విడివిడిగా రాయలేదు, మన్నించండి.

ముందు కొలత. దగ్గు మందు సీసాతో వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు ఉంటుంది కదా, దాంతో పువ్వు కాడ దాకా నీళ్ళు పోసి చూశాను. మూడుసార్లు పోశాను, మూడుసార్లూ ఒకటే. 80 మి.లీ. రాత్రి డ్యూటీ గారూ, మీరు గెలిచారు. గ్రాములు 25. రోజుకి 50, అంటే అయిదు డ్రింకులు, రెండు మార్కులు. వారానికి 400 గ్రాములు. ముక్కుసూటి గారూ, మీరు వేసిన 304 కూడా తక్కువే. పదిహేనేళ్ళు తప్పు తూకంతో లెక్క రాసినవాడు ఇంకొకళ్ళ పద్దులు దిద్దుతున్నాడు.

కాఫీ కప్పు గారు రాసింది రెండుసార్లు చదివాను. ఆ తర్వాత ఆదివారం పొద్దున మా అమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను, ఆ రోజు అలా ఎందుకన్నావ్ అని. కంగారుపడింది, తిడతానేమోనని. తిట్టనన్నాక కూడా చాలాసేపు నసిగింది.

తను మందు గురించి ఏమీ అనలేదు. "రాత్రి ఎనిమిదిన్నర దాటాక నేను నిన్నేమీ అడగను నాన్నా" అంది. అడిగితే బాగానే మాట్లాడతావు, అరవవు, ఏమీ అనవు, కానీ పొద్దున నీకు గుర్తుండదు అంది. కిందటేడు టూరుకి పర్మిషన్ కాగితం రాత్రి ఇస్తే చదివి, రెండు ప్రశ్నలడిగి మరీ సంతకం పెట్టానట. పొద్దున అదే కాగితం చూసి, నన్నడక్కుండా ఎవరు పెట్టారీ సంతకం అని పిల్లని నిలదీశానట. మా ఆవిడ వచ్చి మీరే కదా అంటే నవ్వేసి ఊరుకున్నానట.

ఆ నవ్వడం గుర్తుంది. సంతకం ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

అప్పటి నుంచి కాగితాలన్నీ పొద్దున గుమ్మంలోనే ఇస్తోంది. నేనేమో మతిమరుపు పిల్ల అనుకున్నాను, మీకూ అదే రాశాను.

ఎనిమిదో ప్రశ్నకి నేను "ఎప్పుడూ లేదు" అని టిక్కు పెట్టాను. తక్కువలో తక్కువ ఒక మార్కు. అన్నీ సరిచేస్తే 4, 2, 3, 1, 4. పద్నాలుగు.

ఈ వారం శనివారం రెండే తాగాను, కప్పుతో కొలిచి. మిగతా రోజుల్లో మూడు రాత్రులు అసలు ముట్టలేదు. చేతులేమీ వణకలేదు కానీ నిద్ర సరిగ్గా పట్టలేదు, తొమ్మిదింటికి ఏం చేయాలో తోచలేదు. డాక్టరమ్మ దగ్గరికి 19న వెళ్తున్నాను. కొత్త కాగితం అడుగుతాను. ఈసారి నువ్వే నింపు అని మా అమ్మాయితో అన్నాను. నేను నింపనుగానీ పక్కన కూర్చుంటా అంది.